మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఎండ, వాన, గాలి గురించి ఎలా నేర్పాలి

ప్లేస్కూల్ గోడ మీద వెదర్ చార్ట్ చూసే ఉంటారు. ఎండకో బొమ్మ, మబ్బుకో బొమ్మ, వానకో గొడుగు, ఆఖర్లో క్యారెట్ ముక్కు పెట్టుకున్న మంచు మనిషి. గుంటూరులో పుట్టిన నాలుగేళ్ళ పిల్ల ఆ మంచు మనిషి మీద వేలు పెట్టి 'స్నోవీ' అని టక్కున చెప్పేస్తుంది. అదే పిల్లకి మే నెల రాత్రి ఒళ్ళంతా జిడ్డుగా చెమట పట్టి, ఫ్యాన్ కింద కూడా నిద్ర పట్టక దొర్లుతున్నప్పుడు, ఆ ఉక్కపోతకి చార్టులో బొమ్మే ఉండదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చార్టుతో మొదలుపెట్టకండి, మీ గుమ్మం బయట ఈరోజు ఏముందో దానితో మొదలుపెట్టండి. ముందు పిల్లల ఒంటికి తెలియాలి, తర్వాత చేతికి తెలియాలి, బొమ్మలూ పేర్లూ ఆ తర్వాత.

దీనికి కిట్లు కొనక్కర్లేదు. గాజు సీసా ఒకటి, సుద్దముక్కలు, పాత చున్నీ, కొన్ని ఐస్ ముక్కలు, స్టీలు పళ్ళెం, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. రోజుకి పది, పదిహేను నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి, ఈ వయసు పిల్లలు అంతకంటే ఎక్కువసేపు ఒక పని మీద నిలబడరు, నిలబడాలని మనం టెన్షన్ పడక్కర్లేదు. కింద చెప్పినవన్నీ ఒక వారంలో చేసేయాలని కూడా అనుకోకండి. వాన పని వాన పడినప్పుడే, ఎండ పని ఎండ కాసినప్పుడే. జూన్‌లో కూర్చుని ఎండాకాలం పాఠం చెబితే అది మళ్ళీ చార్టు చదువే అవుతుంది.

ముందుగా: పొద్దున్నే గుమ్మం దాటి రెండు నిమిషాలు

పళ్ళు తోముకున్నాక, పాలు తాగక ముందో తాగాకో, రోజూ ఒకే సమయానికి పిల్లల్ని వాకిట్లోకో బాల్కనీలోకో తీసుకెళ్ళండి. ఫోన్ లోపలే ఉంచండి. అడగాల్సినవి మూడే: పైన ఏముంది? చేతికి ఎలా ఉంది? ఆ చెట్టు ఏం చేస్తోంది? మొదటిది కళ్ళకి, రెండోది చర్మానికి, మూడోది గాలికి. సూర్యుడి వైపు నేరుగా చూడకూడదనే సంగతి మొదటి రోజే చెప్పండి, ప్రతి రోజూ చెప్పండి.

లోపలికి వచ్చాక నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ మీద వాళ్ళనే ఏదో ఒకటి గీయమనండి. మూడేళ్ళ వాళ్ళు పసుపు రంగు క్రేయాన్‌తో నాలుగు గీతలు గీస్తే అదే ఎండ. మీరు దిద్దకండి, అందంగా గుండ్రటి సూర్యుణ్ణి గీసి చూపించకండి. కింద తేదీ మాత్రం మీరు రాయండి, ఆ తేదీ తర్వాత పనికొస్తుంది. పేర్లు అప్పుడే అందించండి: ఎండ, మబ్బు, ముసురు, ఉక్క, చలి, పొగమంచు, వడగాలి. 'ఇవాళ క్లౌడీ' అని వాళ్ళు అంటే అనండి, మీరు 'అవును, మబ్బు పట్టింది' అని పక్కన చేర్చండి. రెండూ వస్తాయి.

ఇంకో పని. కిటికీ దగ్గర, పిల్లల కళ్ళకి అందే ఎత్తులో, గాజు సీసాలో అసలైన కొబ్బరి నూనె కొంచెం పోసి గట్టిగా మూత బిగించి పెట్టండి. వేరే నూనెలు, మందులు కలిపిన తలనూనె వద్దు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకంటే చల్లబడితే తెల్లగా పేరుకుంటుంది. డిసెంబర్ పొద్దున హైదరాబాద్‌లో, ఆదిలాబాద్‌లో అది గట్టిగా ఉంటుంది, కిటికీలోంచి ఎండ పడి మధ్యాహ్నానికి అంచుల నుంచి కరగడం మొదలుపెడుతుంది, మధ్యలో తెల్లటి ముద్ద ఒకటి మిగిలి ఉంటుంది. పిల్లలు ఆ ముద్దని చూడ్డానికి వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుకుని వస్తారు. థర్మామీటరులో అంకెలు చదవలేని వయసుకి దీనికంటే మంచి పరికరం నాకు తెలియదు. చలికాలంలో రోజూ 'ఇవాళ నూనె గడ్డ కట్టిందా, కరిగిందా' అని అడిగితే చాలు, ఎప్పుడు స్వెట్టర్ వేసుకోవాలో వాళ్ళే చెబుతారు.

ఎండ: నీడ, నేల, ఐస్ ముక్క

నీడతో మొదలుపెట్టండి. పొద్దున ఎనిమిదింటికి డాబా మీదో వాకిట్లోనో పిల్లని నిలబెట్టి, పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి, తర్వాత నీడ చుట్టూ గీయండి. పదకొండింటికి అదే పాదాల గీతల్లో మళ్ళీ నిలబెట్టి వేరే రంగుతో గీయండి. సాయంత్రం నాలుగింటికి ఇంకో రంగు. నీడ పొట్టిదై, మళ్ళీ పొడుగై, ఇంకో పక్కకి తిరిగిపోతుంది. ఎందుకని వివరించకండి. 'సూర్యుడు ఎక్కడున్నాడు, నీడ ఎటు పడింది' అని మాత్రం చేత్తో చూపించమనండి. రెండూ ఎదురెదురుగా ఉంటాయని నాలుగేళ్ళ పిల్లలు రెండో రోజుకే కనిపెడతారు.

మన ప్రాంతంలో ఉన్నవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు, నిలబెట్టిన వస్తువుకి నీడ పక్కకి పడదు. హైదరాబాద్‌లో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, పన్నెండు దాటిన పది, ఇరవై నిమిషాలకి. తిరుపతిలో అయితే మొదటిది ఏప్రిల్ ఆఖర్లోనే వచ్చేస్తుంది. ఢిల్లీ పిల్లలకి ఇది ఎప్పటికీ కనిపించదు. నీళ్ళ సీసాని ఎండలో నిటారుగా నిలబెట్టి 'నీడ ఎక్కడికి పోయింది' అని అడగండి. మే ఎండ కాబట్టి టోపీ పెట్టి, రెండు నిమిషాల్లో లోపలికి తీసుకొచ్చేయండి.

తర్వాత నేల. పొద్దున తొమ్మిది, పది మధ్యలో, నేల కాలిపోయే వేళ కాకముందే, ఉత్త కాళ్ళతో నీడలో ఉన్న గచ్చు మీద ఒక అడుగు, ఎండలో ఉన్న గచ్చు మీద ఒక అడుగు, మట్టి మీద ఒక అడుగు, గడ్డి ఉంటే గడ్డి మీద ఒక అడుగు వేయించండి. ముందు మీ అరికాలు పెట్టి చూసుకోండి. ఏది ఎక్కువ వేడి, ఏది చల్లన అని వరసలో చెప్పమనండి. ఇనుప జారుడుబల్ల మీద మధ్యాహ్నం ఎందుకు కూర్చోకూడదో, ఎండలో ఆపిన కారులో ఎందుకు ఒక్క నిమిషం కూడా ఉండకూడదో చెప్పడానికి ఇదే అదను.

ఐస్ ముక్కలతో చేసేది నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ఇందులో పిల్లలు ఆలోచించడం కళ్ళారా కనిపిస్తుంది. ఒకే సైజు ముక్కలు మూడు గిన్నెల్లో పెట్టండి: ఒకటి ఎండలో, ఒకటి నీడలో, ఒకటి నీడలోనే మందపాటి టర్కీ టవల్లో చుట్టి. ఏది ముందు కరుగుతుందో ముందే చెప్పమనండి. ఎండది అని అందరూ చెబుతారు. టవల్ సంగతి అడిగితే చాలామంది పిల్లలు అది త్వరగా కరిగిపోతుంది అంటారు, దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కదా మరి, వాళ్ళ లెక్క వాళ్ళకి సరైనదే. పావుగంట తర్వాత టవల్ విప్పితే ముక్క ఇంకా చాలావరకు అలాగే ఉంటుంది. అప్పుడు ఆ ముఖం చూడాలి. 'దుప్పటి వేడి పుట్టించదు, బయటి వేడిని లోపలికి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు' అని ఒక్క వాక్యం చెప్పి వదిలేయండి. పాతకాలంలో ఐస్ దిమ్మెలని రంపపు పొట్టులోనో ఊకలోనో పెట్టి ఎందుకు తెచ్చేవాళ్ళో తాతయ్య ఇంట్లో ఉంటే ఆయన చెబుతారు. ఐస్ ముక్కలు నోట్లో వేసుకోకుండా చూసుకోండి, గొంతుకి అడ్డం పడతాయి.

నీళ్ళు ఎక్కడికి పోతాయి, ఎక్కడి నుంచి వస్తాయి

వాన ఎలా పడుతుందో చెప్పాలంటే ముందు నీళ్ళు కనపడకుండా పోవడం, కనపడకుండా ఉన్నవి తిరిగి రావడం చూపించాలి. ఇది కొంచెం ఓపిక పట్టాల్సిన భాగం, తొందరపడి దాటేయకండి.

పోవడం చూపించడానికి ఎండాకాలంలో వడియాలని మించింది లేదు. సగ్గుబియ్యం జావ మీరు కాచి, గోరువెచ్చగా అయ్యాక, డాబా మీద ప్లాస్టిక్ షీటో తడి బట్టో పరిచి పిల్లల చేతికి గరిటె ఇవ్వండి. వంకరగా పెడితే పెట్టనివ్వండి. పెట్టగానే వేలితో తాకమనండి, జారుతుంది. మధ్యాహ్నం తాకితే పైన తోలు కట్టి ఉంటుంది, కింద ఇంకా మెత్తన. సాయంత్రానికి అంచులు లేస్తాయి. మర్నాడు తిరగేసి ఎండబెడితే టకటక చప్పుడు చేస్తుంది. 'నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయి' అని అడిగితే ఎండ తాగేసింది అంటారు కొందరు, కాకి తాగేసింది అంటారు కొందరు. గాల్లోకి పోయాయి, మనకి కనపడకుండా అక్కడే ఉన్నాయి అని చెప్పండి. నమ్మరు. నమ్మక్కర్లేదు, తర్వాతి పనితో నమ్ముతారు. వానాకాలమైతే వాకిట్లో నిలిచిన నీళ్ళ మడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, వాన వెలిశాక గంటకోసారి కొత్త గీత గీయించినా సరిపోతుంది.

రావడం చూపించడానికి గాజు గ్లాసు తీసుకోండి. నీళ్ళలో కొంచెం బీట్‌రూట్ రసం కలపండి, ముదురు ఎర్రగా ఉండాలి. నాలుగైదు ఐస్ ముక్కలు వేసి, గ్లాసు బయట పొడిగా ఉందని పిల్లల చేతే తుడిపించి బల్ల మీద పెట్టండి. కాసేపటికి బయట చిన్న చిన్న నీటి చుక్కలు పడతాయి, ఒకదానితో ఒకటి కలిసి జారుతాయి. గ్లాసు కారుతోందా అని అడగండి. కారుతోందనే అంటారు. ఇప్పుడు తెల్లటి రుమాలుతో బయట తుడవమనండి. రుమాలు తడుస్తుంది గానీ ఎర్రబడదు. లోపలి నీళ్ళు ఎర్రవి, రుమాలు మీదవి తెల్లవి, మరి ఇవెక్కడివి? ఇక్కడ ఆగండి. మీరు జవాబు చెప్పకుండా ఒక నిమిషం ఓర్చుకుంటే, ఐదేళ్ళ వాళ్ళలో ఒకరిద్దరు 'గాల్లోవి' అని చెప్పడం ఖాయం. మచిలీపట్నం, కాకినాడ లాంటి చోట్ల చుక్కలు దండిగా వస్తాయి, అనంతపురంలో ఏప్రిల్ నెలలో అయితే గాలి పొడిగా ఉండి చాలా తక్కువ రావచ్చు, అప్పుడు వానాకాలం దాకా ఆగండి.

అన్నం ఉడికేటప్పుడు మూత తీసి తిరగేసి చూపించడం కూడా ఇదే పాఠం. మూత తీయడం మీ పని, పిల్లలు రెండడుగులు దూరంగా. ఆవిరి పైకి పోయి, మూతకి తగిలి చల్లబడి, చుక్కలై కిందకి రాలింది, మబ్బులోనూ అంతే. వాన ఎలా పడుతుందనేదానికి ఈ వయసులో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

వానాకాలంలో తప్పకుండా చేయాల్సింది ఇంకొకటి: వేయించిన అప్పడాలు రెండు తీసుకుని ఒకటి గాలి చొరని డబ్బాలో, ఒకటి పళ్ళెంలో తెరిచి పెట్టండి. సాయంత్రం రెండూ కొరికించండి. ఒకటి కరకరలాడుతుంది, ఒకటి సాగుతుంది. గాల్లో తేమ ఉందని నోటితోనే తెలిసిపోతుంది.

షేవింగ్ ఫోమ్ గ్లాసులో వేసి పైనుంచి రంగు నీళ్ళు పోసి 'ఇదే మబ్బు' అని చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అందులో నీళ్ళు ఆవిరవ్వడమూ లేదు, చల్లబడడమూ లేదు, పైగా ఆ నురగ పిల్లల కళ్ళలో పడితే మంట. నేనైతే వద్దంటాను.

వాన

వాన మొదలవగానే కిటికీలు మూసేసి కూర్చోబెట్టకండి. ఉరుములు లేకపోతే పది నిమిషాలు తడవనివ్వండి, తర్వాత తల తుడిచి పొడి బట్టలు వేయండి.

తడిసేటప్పుడే రకాలు పట్టుకోవాలి. అరచేయి చాపమనండి: చేతి మీద తగిలీ తగలనట్టు ఉంటే తుప్పర, టప్ టప్‌మని విడివిడిగా పడితే చినుకులు, ఆగి ఆగి వస్తే జల్లు, రోజంతా సన్నగా వదలకుండా పడితే ముసురు, మాట వినపడనంతగా కురిస్తే కుండపోత. లోపలికి వచ్చాక స్టీలు పళ్ళెం మీద వేళ్ళతో వాయించండి. ఒక వేలితో చినుకులు, రెండు చేతుల వేళ్ళతో జల్లు, అరచేతులతో కుండపోత. మీరు పేరు చెబితే వాళ్ళు వాయించాలి, తర్వాత వాళ్ళు వాయిస్తే మీరు పేరు చెప్పాలి. ఈ ఆట పిల్లలు వదలరు, మీ చెవులు కాస్త సిద్ధం చేసుకోండి.

వాన కొలిచే సీసా ఇలా చేయండి. నిలువు గోడలున్న, అంటే నడుము దగ్గర నొక్కులు లేని ప్లాస్టిక్ సీసా తీసుకుని, పైన సన్నబడడం మొదలయ్యే చోట కోయండి. కోసిన అంచుకి టేపు అంటించండి, గీసుకోకుండా. అడుగున గులకరాళ్ళు వేసి, గోడలు నిటారుగా ఉన్న చోటు దాకా నీళ్ళు పోసి అక్కడ ఒక గీత గీయండి, అదే సున్నా. కోసిన పైముక్కని మూత లేకుండా తలకిందులుగా పెడితే గరాటు అవుతుంది. చెట్టు కింద, చూరు కింద కాకుండా ఆరుబయట, పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి. రోజూ పొద్దున ఒకే వేళకి చూసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ పిల్లల చేత రంగు టేపు అంటించి, మళ్ళీ సున్నా దాకా ఒంపేయండి. వాతావరణ శాఖ వాళ్ళు పొద్దున ఎనిమిదిన్నరకి లెక్క తీస్తారు, మీరూ అదే సమయం పెట్టుకుంటే పేపర్లో మీ ఊరి వాన లెక్కతో పోల్చుకోవచ్చు. పేపర్లో నాలుగు సెంటీమీటర్లు అని ఉంటే మీ సీసాలోనూ స్కేలు పెడితే దాదాపు అంతే రావాలి, వేరే పేటలో కురిసిన వాన అయితే తేడా వస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే ఆ శాఖ దాన్ని వాన రోజు కింద లెక్కేస్తుంది. పిల్లలకి ఈ అంకెలు అక్కర్లేదు, 'నిన్నటి కంటే ఎక్కువా తక్కువా' చాలు.

కాగితపు పడవలు ఎలాగూ వేస్తారు. వేసేటప్పుడు పడవ ఎటు పోయిందో చూడమనండి, మీ వీధిలో పల్లం ఎటుందో వాళ్ళకి తెలుస్తుంది. ఓపెన్ కాలువల దగ్గర మాత్రం చేయి వదలకండి.

తొలకరికి ముందే ఒక ఎండిన మట్టిగడ్డ తెచ్చి పెట్టుకోండి. కళ్ళు మూయించి, దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి వాసన చూపించండి. అసలు వాన వచ్చిన రోజు ఆ వాసన వాళ్ళే గుర్తుపడతారు. ఊళ్ళో ఉన్నవాళ్ళయితే జూన్ ఆఖర్లో ఇసుక నేలల్లో, ఎర్ర నేలల్లో ఆరుద్ర పురుగుల కోసం వెతకండి. మఖ్మల్ ముక్కలాంటి ఆ ఎర్రటి పురుగు అరచేతిలో పాకుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. చూశాక మట్టిలోనే వదిలేయమనండి, అగ్గిపెట్టెలో పెట్టొద్దు. క్యాలెండర్‌లో కార్తెల పేర్లు ఉంటాయి, అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టి రోహిణిలో ఎండ ఎలా ఉంటుంది, మృగశిరలో ఏమవుతుంది అని పిల్లల చేతే అడిగించండి.

ఇంద్రధనుస్సు కోసం వానే రావాలని లేదు. పొద్దున ఎనిమిది లోపో, సాయంత్రం నాలుగున్నర తర్వాతో, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, మొక్కలకి నీళ్ళు చల్లే స్ప్రేతో సన్నటి తుంపర్లు కొట్టండి. వెనక ఏదైనా నల్లటి గోడో చెట్టో ఉంటే రంగులు బాగా తెలుస్తాయి. మధ్యాహ్నం సూర్యుడు బాగా పైకి పోతాడు కాబట్టి ఆకాశంలో ఇంద్రధనుస్సు కనిపించదు. సాయంత్రం వానలో ఎండ వస్తే తూర్పుకి చూడండి, పొద్దున అయితే పడమరకి.

గాలి

సబ్బు బుడగలు ఊదండి. అవి ఎటు పోతే గాలి అటు. తూర్పు, పడమర ఇప్పుడే వద్దు, 'గుడి వైపు పోయిందా, బస్టాండ్ వైపు పోయిందా' అని అడగండి. పాత చున్నీలోంచి సన్నటి పీలిక చింపి బాల్కనీ కడ్డీకి కట్టేస్తే రోజూ చూసుకోవచ్చు. వేలాడుతుంటే గాలి లేదు, ఊగుతుంటే పైరగాలి, అడ్డంగా లేచి కొట్టుకుంటుంటే ఈదురుగాలి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆ పీలిక చూడండి. మామూలు రోజుల్లో పగలు గాలి సముద్రం మీంచి, రాత్రి నేల మీంచి వీస్తుంది, పీలిక దిక్కు మార్చుకోవడం కనిపిస్తుంది.

తాటాకు దొరికితే రెండు ముక్కలు అడ్డంగా, నిలువుగా మెలేసి తుమ్మముల్లుతో గుచ్చి గాలిమర చేసి, పుల్లకి పెట్టి పిల్లల్ని పరిగెత్తించండి. ముల్లు గుచ్చడం మీ పని. ముల్లు బదులు గుండుసూదీ, తాటాకు బదులు పాత శుభలేఖ అట్టా వాడినా తిరుగుతుంది. నిలబడితే ఆగుతుంది, పరిగెత్తితే తిరుగుతుంది, అంటే గాలి మన దగ్గరకి వచ్చినా ఒకటే, మనం గాలిలోకి పోయినా ఒకటే. సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తే మామూలు నూలు దారమే, చైనా మాంజా పిల్లల వేళ్ళనీ పిట్టల రెక్కలనీ కోసేస్తుంది.

మెరుపు, ఉరుము, తుఫాను

భయపడే పిల్లలకి 'భయం లేదు' అని చెప్పడం వల్ల ఉపయోగం లేదు. చేతికి పని ఇవ్వాలి. మన ఇళ్ళల్లో ఉరిమితే పెద్దవాళ్ళు 'అర్జునా ఫల్గుణా' అనుకోమనేవాళ్ళు. అది అలాగే వాడండి. ఇంట్లో, కిటికీకి దూరంగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మెరుపు కనపడగానే నెమ్మదిగా, ఒక్కో పేరుకి ఒక్కో సెకను చొప్పున అనిపించండి: అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్స, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. ఏ పేరు దగ్గర ఉరుము వినపడిందో చూసుకోండి. వెలుగు వెంటనే కనపడుతుంది, చప్పుడు మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు చొప్పున వస్తుంది. పార్థ దగ్గర ఉరిమితే కిలోమీటరు దూరం, పది పేర్లూ పూర్తయితే మూడు కిలోమీటర్ల పైన. పేర్ల సంఖ్య పెరుగుతూ పోతే మబ్బు దూరంగా వెళ్ళిపోతోందని పిల్లలకే అర్థమై కుదుటపడతారు.

పెద్దవాళ్ళ కోసం ఇదే లెక్కలో జాగ్రత్త: మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్ల లోపు ఉంటే, అంటే ఈ పది పేర్లు మూడుసార్లు అనేలోపే ఉరిమితే, పిడుగు ప్రమాదం ఉన్నట్టే. పిల్లలు బయట ఉంటే ఇంత లెక్క కూడా వద్దు, ఉరుము వినపడగానే లోపలికి తెచ్చేయండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా పంపకండి. చెట్టు కింద నిలబడకూడదని ఆటలాగా నేర్పండి: మీరు 'ఉరుము' అని అరవగానే చెట్టు వదిలి ఇంట్లోకి పరుగు.

కోస్తాలో ఉన్నవాళ్ళు తుఫాను గురించి మాట్లాడక తప్పదు, టీవీలో రోజంతా అదే వస్తుంది, పిల్లలు వింటూనే ఉంటారు. టీవీ కట్టేసి నాలుగు రంగు కాగితాలు తీయండి. వాతావరణ శాఖ వాడే రంగులే: ఆకుపచ్చ అంటే హెచ్చరికేమీ లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి. ఆ రోజు రంగు ఏదో అది తలుపుకి అంటించడం పిల్లల పని. తుఫానులకి పేర్లుంటాయని చెప్పండి, 2014 అక్టోబర్‌లో విశాఖని అతలాకుతలం చేసిన హుద్‌హుద్‌కి ఒక పిట్ట పేరు, 2018లో శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటిన తిత్లీకి సీతాకోకచిలుక పేరు. పేరు తెలిస్తే పిల్లలు దాని గురించి అడగగలుగుతారు. తర్వాత వాళ్ళ చిన్న బ్యాగు వాళ్ళతోనే సర్దించండి: నీళ్ళ సీసా, బిస్కెట్ ప్యాకెట్, చిన్న టార్చి, ఒక జత బట్టలు, ఒక బొమ్మ. మీ ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి అందులో వేయండి, ఐదేళ్ళ వాళ్ళయితే నోటికి నేర్పండి.

కొన్ని చిన్న సంగతులు

తప్పు జవాబు చెబితే వెంటనే సరిచేయకండి. 'మబ్బుకి దెబ్బ తగిలి ఏడుస్తోంది' అంటే 'అవునా, ఎలా తెలుసుకుందాం' అనండి. రుమాలు ప్రయోగం, మూత ప్రయోగం మళ్ళీ చేయమని వాళ్ళే అడుగుతారు, పదిసార్లు అడిగినా చేయండి.

అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్లోనో ఇరవై మంది ఉంటే అందరినీ ఒక గ్లాసు చుట్టూ కూర్చోబెట్టకండి, వెనక వాళ్ళకి ఏమీ కనపడదు. ఐదారుగురి జట్లుగా చేసి ఒక జట్టుకి నీడ, ఒక జట్టుకి ఐస్, ఒక జట్టుకి పళ్ళెం వాన ఇచ్చి, మర్నాడు మార్చండి.

అమెరికాలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా న్యూజెర్సీ లాంటి చోట్ల, మంచు మనిషి బొమ్మని నిరభ్యంతరంగా పెట్టుకోండి, మీ గుమ్మం బయట అదే ఉంది. కొత్తగా పడ్డ మంచుని నొక్కకుండా గ్లాసు నిండా తెచ్చి, లోపల పెట్టి కరగనివ్వండి. గ్లాసు అడుగున ఎన్ని నీళ్ళు మిగులుతాయో ముందే గీత గీయమనండి.

నెలాఖరున నోట్‌బుక్ తెరిచి ఎండ పేజీలెన్ని, మబ్బు పేజీలెన్ని, వాన పేజీలెన్ని అని చింతగింజలతో లెక్కపెట్టించండి. ఒక్కో పేజీకి ఒక్కో గింజ, మూడు కుప్పలు. జూన్ కుప్పల్ని ఒక ఫోటో తీసి ఉంచుకుంటే, జూలై ఆఖర్లో పక్కన పెట్టి ఏ కుప్ప పెరిగిందో చూపించవచ్చు. నెల్లూరులో ఉన్నవాళ్ళు ఇది అక్టోబర్, నవంబర్లలో కూడా చేయండి, మీకు పెద్ద వానలు అప్పుడే కదా.